ఒక కొలను, ఇద్దరు వైద్యులు

ఆ ఇంటి పెద్దాయనకి అన్ని విద్యలూ వచ్చు, ఒక్క రిటైరవ్వడం తప్ప. ఉద్యోగం ఆయన్ని వదిలేసి ఏడాది దాటింది గానీ, ఆయన ఉద్యోగాన్ని వదలలేదు. నీటి శుద్ధి కేంద్రంలో కూర్చుని ఊరందరికీ తేట నీళ్ళు పంపిన మనిషి కాబట్టి, ఇప్పుడు ఇంట్లో కనబడ్డ ప్రతి నీటి చుక్కనీ దొంగని చూసినట్టు చూస్తాడు. మంచినీళ్ళ గ్లాసు వెలుతురుకి ఎత్తి పట్టుకుని గానీ గుటక వెయ్యడు. ఒకరోజు అలవాటులో కాఫీ గ్లాసు కూడా ఎత్తి చూశాడు. "కాఫీలోంచి అవతలి గోడ కనబడదండీ, ధైర్యంగా తాగేయండి" అని ఇల్లాలు అభయమిచ్చింది.

ఇలాంటి మనిషికి దేవుడు ఖాళీ సమయం ఇచ్చి ఊరుకోలేదు. పెరట్లో ఒక చేపల కొలను కూడా ఇచ్చాడు. కొలను అంటే పెద్ద మాట. నలుగురు గట్టు మీద కూర్చుని కాళ్ళు వేలాడేసుకునేంత సిమెంటు గుంట. అందులో నారింజరంగు చేపలు. వాటిలో అన్నిటికన్నా లావుగా ఉన్నదాని పేరు మేనేజరు. తిండి వేళకి తప్ప పైకి రాదని కూతురు పెట్టిన పేరు. కొంతకాలంగా ఆ నీళ్ళు ఆకులు ఉడకబెట్టి వార్చినట్టు చిక్కటి పచ్చరంగుకి తిరిగాయి. మేనేజరు కూడా ఇప్పుడు పైకి వస్తే తప్ప ఉన్నట్టు తెలియదు.

"ఇదిగో, ఒకసారి ఇలా రా," పొద్దున్నే పెరట్లోంచి పిలిచాడు పెద్దాయన.

"పొయ్యి మీద పాలున్నాయండీ."

"పాలు పొంగితే తుడుచుకోవచ్చు. ముందు ఇది చూడు."

ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆయన తాడుకి తెల్ల సాసరొకటి కట్టి నీళ్ళలోకి దింపుతున్నాడు. జానెడు లోతు దిగేసరికి సాసరు మాయమైపోయింది.

"అది నా కాఫీ సాసరు."

"సైన్సు కోసం ఇచ్చావనుకో. జానెడు! నిన్ననే కదా సగం నీళ్ళు తోడి కొత్తవి పట్టాను. ఫిల్టరులో స్పాంజి కుళాయి కింద పెట్టి తళతళలాడేలా ఉతికాను. అయినా పచ్చబడుతోందంటే దీనిది వట్టి మొండితనం."

"మొండితనం ఈ ఇంట్లో కొత్తేం కాదులెండి."

ఆయన ఆ మాట విననట్టు వీధివైపున్న కూతురి గది కిటికీ కేసి చూసి, గొంతు తగ్గించాడు. "అది... వెళ్ళట్లేదుగా? సోమవారం?"

"వెళ్ళట్లేదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఊరికే అడిగానులే." సాసరు పైకి లాగి తాడు చుట్టుకుంటూ అన్నాడు. "చిన్నప్పుడు నాతో ఆఫీసుకొస్తే పెద్ద తొట్ల మీదికి వంగి, నేల కనబడుతోంది నాన్నా అని గంతులేసేది. నా మాటకి విలువిచ్చి ఆగింది కదా, దానికి నేనేం ఇవ్వగలను చెప్పు. ఇందులో నేల కనబడేలా చేస్తే చాలు. నువ్వు మాత్రం దానికి చెప్పకు. చూసినప్పుడే చూస్తుంది."

"చెప్పను," అంది ఆవిడ. ఆ పొద్దున కూతురి గురించి ఆవిడ నోటివెంట వచ్చిన నిజం అదొక్కటే.

లోపల పాలు పొంగిన వాసన వచ్చింది.

తండ్రి బయటికి వెళ్ళి గేటు వేసిన చప్పుడయ్యాకే కూతురి గది తలుపు తెరుచుకోవడం ఈమధ్య ఆ ఇంటి పద్ధతి. ఆ పిల్ల కళ్ళద్దాల దుకాణంలో కళ్ళు పరీక్ష చేస్తుంది. సోమవారం నుంచి అది మానేసి, ఊరూరా తిరిగి కళ్ళు చూసే బండిలో చేరబోతోంది. ఆ బండి ఎక్కితే మళ్ళీ ఇల్లు చూసేది ఏ ఆర్నెల్లకో. ఆ మాట భోజనాల దగ్గర మొదటిసారి చెప్పినప్పుడు తండ్రి "రోడ్ల మీద బతుకా? వద్దు" అన్నాడు. కూతురు "నేను అడగట్లేదు, చెప్తున్నాను" అంది. అక్కడితో వాళ్ళ మాటలకి తాళం పడింది. తాళంచెవి ఇల్లాలి కొంగుకి ముడిపడింది.

కూతురు ఒక చేత్తో నీటిమొక్కల సంచీ, ఇంకో చేత్తో చిన్న సీసా పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఫిల్టరు మూత తీసి లోపలికి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అమ్మా, ఈ స్పాంజి ఎవరు ఉతికారు?"

"ఏం, ఏమైంది?"

"దీనికి పట్టిన జిగురులోనే కదా మంచి సూక్ష్మజీవులుండేది. నీళ్ళు బాగుచేసేవి అవే. కుళాయి నీళ్ళలో కలిపే మందుకి అవి చచ్చిపోతాయి. మొన్ననే ఎంతో కష్టపడి పెంచాను. ఎవరో పెళ్ళికి తయారు చేసినట్టు ఉతికిపెట్టారు."

"వానేమైనా పడిందేమోనే."

"ఊరంతా ఎండగా ఉండి మన స్పాంజి మీదే పడిందా?"

ఆవిడ గట్టు మీద ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టింది. ఏరడానికి అక్కడ మూడే ఆకులున్నాయి. అవి అయిపోయాక ఏం చెయ్యాలో తోచక, ఏరినవాటినే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఈ రంగు నీళ్ళు నాన్న చూడలేరు," కూతురు మొక్కల్ని ఒక్కొక్కటే నీళ్ళ మీద వదులుతూ అంది. "వెళ్ళేలోపు తేటగా చేసి పోదామని. ఆయన ఒప్పుకుంటారని నేనస్సలు అనుకోలేదమ్మా. వెళ్ళి రమ్మన్నారని నువ్వు చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది, తెలుసా? ఒక్కసారి థాంక్స్ చెప్దామని ఎదురెళ్తే పేపరు అడ్డం పెట్టుకుంటారు."

"మొహమాటమే."

"నీతో అన్న మాట నాతో అనడానికి మొహమాటమా?"

"మగాళ్ళంతేనే."

ఆ ఒక్క మాట ఎన్ని సంసారాల్లో ఎన్ని చిల్లులకి అతుకుగా పనికొచ్చిందో లెక్కలేదు. ఇక్కడా పనికొచ్చింది. కూతురు తలూపింది.

"చేపలకి తిండి పడిందా?"

"పాపం, ఎవరు వేస్తారు, నువ్వు వెయ్యాల్సిందే."

నిజానికి పొద్దున ఆయన వేసి వెళ్ళాడు. అంతకుముందు, ఈ తండ్రీకూతుళ్ళ గొడవలో నోరులేని జీవాలు మాడిపోతాయని ఆవిడే గుప్పెడు వేసింది. ఇది మూడో వడ్డన. వేసిన మేతలో సగం అడుగున చేరి కుళ్ళుతోంది. మేనేజరు మాత్రం ఏ పూటా కాదనలేదు.

అసలు ఇదంతా ఆవిడ పథకం వేసుకుని చేసింది కాదు. ఒకరోజు ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని, "ఆ బండిలో వెళ్ళే ఆడపిల్లలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారో దాన్నొకసారి అడుగు" అన్నాడు. అడిగితే అది జవాబు చెప్తుంది. ఆ జవాబు ఈయనకి నచ్చదు. నచ్చలేదన్న మాట మళ్ళీ మొయ్యాలి. ఇదంతా ఎందుకని, "అది మానేసింది లెండి, నిద్రపోండి" అనేసింది. అన్నందుకు ఫలితం వెంటనే కనబడింది. ఆయన గురకపెట్టి నిద్రపోయాడు. మర్నాడు కూతురు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే, "మీ నాన్న ఊఁ అన్నారే" అంది. ఆ పిల్ల రెండోసారి పెట్టించుకుని తింది. రెండు చిన్న మాటలు. ఒకరికి నిద్ర, ఒకరికి అన్నం. ఏ డాక్టరూ ఇంత చవగ్గా వైద్యం చెయ్యలేడని ఆవిడ ఆరోజు తనని తాను మెచ్చుకుంది కూడా. ఈలోపు ఏదో ఒకటి జరిగి సర్దుకుంటుందని అనుకుంది. ఏదీ జరగలేదు, సోమవారం దగ్గరపడటం తప్ప.

శనివారానికి ఆవిడకి కాలు నిలవడం మానేసింది. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగింది. కూరలో ఉప్పు రెండోసారి వేసి, అదే ఉప్పు మూడోసారి వెయ్యబోయి రుచి చూసుకుని ఆగింది. వంటింట్లోంచి పెరట్లోకీ, పెరట్లోంచి హాల్లోకీ తిరుగుతూ, ఏ గదిలోకి ఎందుకొచ్చిందో మర్చిపోయి, వచ్చినందుకు ఒక కుర్చీ జరిపి వెళ్ళింది.

"ఏంటమ్మా, ఇల్లు మారుతున్నారా?" గోడవతలి నుంచి కుట్టుమిషన్ ఆవిడ అడిగింది. "పొద్దుట్నుంచీ కుర్చీల చప్పుడే."

"దుమ్ము దులుపుతున్నానండీ."

"దులపండి దులపండి. మా ఇంటికొచ్చి పడుతోంది."

మధ్యాహ్నం కూతురు అటక మీంచి పెద్ద బ్యాగు దింపింది. హాల్లో ఉన్న పెద్దాయన పేపరు పై అంచు మీదుగా ఆ బ్యాగుని చూశాడు. కూతురు లోపలికి వెళ్ళాక, "అదేంటి?" అన్నాడు.

"పాత బట్టలు వేరు చేస్తోంది."

"కొత్తవే పెడుతున్నట్టుందే."

"పాతబడ్డాక వేరు చెయ్యాలిగా, ఇప్పట్నుంచే చూసుకుంటోంది," అంది ఆవిడ. అన్నాక ఆ మాటకి అర్థమేమిటో తనకే తెలియలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి ఆవిడ మొహంలోకి ఒక క్షణం చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదైనా అడిగేస్తే బాగుండునని ఆవిడకి అనిపించింది.

సాయంత్రం ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. పెద్దాయన ఎక్కడినుంచో తెచ్చిన పటిక గడ్డని గట్టు మీద నూరి, బకెట్టులో కలిపి, కొలను నాలుగు మూలలా పోశాడు. అందులో తేలే మొక్కలు తనే తెప్పించానని ఆవిడ ఆయనకి ముందే చెప్పి ఉంచింది. శుద్ధి కేంద్రంలో చేసే పనే. మురికంతా గడ్డకట్టి అడుక్కి పోతుంది, పొద్దున్నకి నేల కనబడుతుంది. చేతులు కడుక్కుని స్నేహితుడి ఇంటికి వెళ్ళాడు. గేటు చప్పుడైంది. కూతురు సీసా పట్టుకుని వచ్చింది. ఆఖరి ప్రయత్నంగా నాచు చంపే మందు మూతతో కొలిచి, తర్వాత ఇంకో మూత కలిపి, నీళ్ళలో వంచింది.

కిటికీలోంచి ఆవిడ రెండూ చూసింది. "ఆగవే, ఇందాకే మీ నాన్న ఏదో పోశారు" అంటే చాలు. నోటి దాకా వచ్చింది. అన్న మరుక్షణం అది "నాన్న ఎందుకు పోశారు?" అంటుంది. ఆ తర్వాత ఇంకోటి అడుగుతుంది. దారం కొస ఒకటి లాగితే గుడ్డంతా ఊడి వస్తుంది. ఆవిడ కిటికీ రెక్క దగ్గరికి వేసి, అప్పటికే మండుతున్న పొయ్యిని సరిచెయ్యడానికి వెళ్ళింది.

ఆదివారం తెల్లవారుతూనే పెద్దాయన కేకేశాడు. పేరు పెట్టి కాదు, ఎవరినీ కాదు, ఉత్త కేక.

ఆవిడ వెళ్ళేసరికి నీళ్ళు సున్నం కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. చేపలన్నీ పైకి తేలి, మూతులు బయట పెట్టి, గాలి కోసం నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. మేనేజరు ఒక పక్కకి ఒరిగి ఉంది. పెద్దాయన బనీను మీదే నీళ్ళలోకి దిగి, ఏ చేపని పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. కూతురు జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది.

"నీళ్ళు ఎత్తి పొయ్యాలి నాన్నా, పైనుంచి. గాలి కలవాలి."

"గాలి కలపడం నాకు నేర్పకు. బకెట్టు అందుకో."

వాళ్ళు ఎంతోకాలం తర్వాత మాట్లాడుకున్న మొదటి మాటలివి. ముగ్గురూ పనిలో పడ్డారు. ఆయన బకెట్టుతో ముంచి భుజమెత్తున ఎత్తి పోస్తున్నాడు. కూతురు మగ్గుతో, ఆవిడ వంటింటి గిన్నెతో.

"ఏం పోశావు ఇందులో?" గట్టు మీది ఖాళీ సీసా చూసి అడిగాడు ఆయన.

"నాచు మందు. నిన్న సాయంత్రం. మీరేమైనా..."

"పటిక."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రమే."

"అయ్యో నాన్నా. రెండూ కలిసి నాచంతా ఒక్క దెబ్బకి చచ్చింది. అది కుళ్ళుతూ నీళ్ళలో గాలంతా లాగేసింది."

"అసలు నువ్వెందుకు చెయ్యి పెట్టావు ఇందులో? నీకోసమని నేను తంటాలు పడుతుంటే?"

"నాకోసమా? మీకోసమని నేను పడుతున్నాను. వెళ్ళేలోపు తేటపడాలని."

పెద్దాయన బకెట్టు గాల్లోనే ఆగింది. "ఎక్కడికి వెళ్ళేలోపు?"

కూతురు మగ్గు ఆగింది. "రేపు సోమవారం కదా. బండి..."

"నువ్వు మానేశావుగా."

"మీరు వెళ్ళి రమ్మన్నారుగా."

ఇద్దరూ ఒకేసారి ఆవిడ వైపు తిరిగారు. అలా తిరిగినప్పుడు రెండు మొహాలూ ఒకటే అచ్చు, ఆ ముక్కూ, ఆ కనుబొమ్మల మధ్య గీతా.

"చేతులాపకండి, చేపలు చస్తాయి," అంది ఆవిడ.

చేతులు మళ్ళీ కదిలాయి. మాటలు మాత్రం ఆగలేదు.

"నేను నీతో ఏమన్నాను?" ఒక బకెట్టు పోసి అడిగాడు ఆయన. "ఆ పిల్లలు రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటారో అడగమన్నాను. అడిగావా?"

"ఆ మాట మీరు అడిగారా?" కూతురి గొంతు మారిపోయింది. "అమ్మా, నాన్న ఆ మాట అడిగారా?"

"అడిగారే, కానీ అది ఒప్పుకోవడానికి అడిగినట్టు..."

"ఎందుకు అడిగితే నీకెందుకమ్మా? నాకు కావలసింది ఆ ఒక్క మాటే. నువ్వు దాన్ని మింగేసి, నీ సొంతది ఇంకోటి తెచ్చి పెట్టావు."

"మీరిద్దరూ కొట్టుకుంటారనే కదే నా భయం."

"కొట్టుకుంటే మా మాటలతో మేం కొట్టుకునేవాళ్ళం. నీ మాటలతో రాజీపడటం కన్నా అదే నయం."

ఆవిడ గిన్నె ముంచింది, ఎత్తింది, పోసింది. పెద్దాయన ఆవిడ వైపు చూడటం మానేసి కూతురి వైపు తిరిగాడు.

"మరి ఎక్కడ పడుకుంటారు?"

"ఏ ఊళ్ళో ఆగితే అక్కడ బడిలోనో ఆస్పత్రిలోనో గది ఇస్తారు నాన్నా. మేం ముగ్గురం ఆడవాళ్ళం. ఒక డాక్టరమ్మ ఉంటారు, మీ వయసావిడే."

"గడియ లోపలివైపు ఉంటుందా?"

"ఉంటుంది."

"తాగే నీళ్ళు?"

కూతురు ముంగురులు మోచేత్తో వెనక్కి తోసుకుంది. ఏడుస్తూనే నవ్వింది. "అది కనుక్కోలేదు."

"కనుక్కోవలసింది ముందు అదే." రెండు బకెట్లు పోశాక మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా. "నాకిష్టం లేదు. ఇప్పటికీ వద్దనే అంటాను."

"నేను వెళ్తాననే అంటాను."

"అంటావు. తెలుసు. వద్దనేది నా నోటితో నీకు వినబడాలి. వెళ్తాననేది నీ నోటితో నాకు వినబడాలి. ఆ తర్వాత నువ్వు వెళ్ళు. స్టేషన్ దాకా నేనొస్తాను."

"బండి ఇక్కడికే వస్తుంది నాన్నా."

"అయితే టైర్లు చూస్తాను."

మేనేజరు ఒకసారి తోక ఆడించి, నిటారుగా తిరిగి, నీళ్ళు పడుతున్న చోటుకి ఈదుకుంటూ వచ్చింది. తండ్రీకూతుళ్ళు దాన్ని చూస్తూ, స్పాంజి ఎందుకు ఉతకకూడదో, పటిక ఎప్పుడు పనికొస్తుందో, ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటూ వాదించుకుంటున్నారు. మధ్యలో ఎవరూ ఆవిడ మొహం చూడటం లేదు. అదేమంటోందని ఆయనా అడగలేదు, నాన్న ఏమన్నారని ఆ పిల్లా అడగలేదు. ఇన్నాళ్ళూ ఇద్దరూ తన దగ్గరికే వచ్చేవారు. తను ఏ గదిలో ఉంటే ఆ గదికి. ఆ రాక తనకెంత ఇష్టమైపోయిందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

మొక్కల కింద, గట్టు వారన, ఒక చిన్న చేప వెల్లకిలా తేలి ఉంది. వేలెడంత. ఎవరూ పేరు పెట్టనిది. ఆవిడ గిన్నె పక్కన పెట్టి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. కదిలించి చూసింది. నీళ్ళలో ముంచి మళ్ళీ చూసింది.

"నాది తప్పు," అంది.

బకెట్టు నీళ్ళ చప్పుడులో ఆ మాట ఆవిడకే సరిగ్గా వినబడలేదు. వినబడలేదు కాబట్టి ఊరుకోవచ్చు కూడా. ఆవిడ లేచి నిలబడింది.

"ఏమండీ, ఆపండి ఒక్క నిమిషం. నువ్వు కూడా ఆపవే."

ఇద్దరూ ఆపి చూశారు. నీళ్ళు కారుతున్న చేతులతో, ఏదో కొత్త మనిషిని చూసినట్టు.

"నిన్న మీరు పటిక పొయ్యడం చూశాను. తర్వాత ఇది మందు పొయ్యడం చూశాను. కిటికీలోంచే. ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే అన్నీ బయటపడతాయని, తలుపేసుకుని లోపలికి పోయాను." చేప ఉన్న అరచెయ్యి ముందుకి చాపింది. "మీ గొడవ తీర్చాలని కాదు. ఇద్దరి దగ్గరా మంచిదాన్ని అనిపించుకోవాలని. మీరు మాట్లాడుకోకపోతే నాతోనే మాట్లాడతారని. ఇందులో మీదేం లేదు, దానిదేం లేదు. నాదే తప్పు."